కారు ఆరింది, మచ్చలు మిగిలాయి: హనుమకొండ రోల్‌ఓవర్ కార్ వాష్ కేస్ స్టడీ

"బ్లోయర్ మోటర్లు పెద్దయి వెయ్యాలె సార్, ఇప్పుడున్నయి సరిపోతలేవు. ఎంతయితదో చెప్పుండ్రి." కరీంనగర్ రోడ్డులో హసన్‌పర్తి వైపు ఆటోమేటిక్ కార్ వాష్ నడిపే ఓనర్ నన్ను పిలిచింది ఈ పని మీదే. ఈ మిషన్లు బిగించడం, రిపేరు చేయడం నా పని. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు తిరుగుతుంటాను కాబట్టి ఇలాంటి ఫోన్లు కొత్త కావు. కారు సరిగ్గా ఆరలేదంటే అందరి చూపూ బ్లోయర్ మీదికే పోతుంది. చివర్లో పనిచేసేది అదే, గోల చేసేదీ అదే కాబట్టి తప్పంతా దాని నెత్తినే పడుతుంది.

ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం, ఇందులో నీళ్లు, గాలి, షాంపూ, ఎండ నాలుగూ ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. ఏ ఒక్కదాన్ని బాగుచేసి ఊరుకున్నా మచ్చలు పోయేవి కావు. ముందే చెప్పేస్తున్నా, మోటర్లు మాత్రం మార్చలేదు.

సెంటర్ సంగతి

ఈయనకు ముందు నుంచీ రెండు ర్యాంపుల వాటర్ సర్వీసింగ్ ఉండేది. పని చేసే పిల్లలు దొరకడం కష్టమయ్యాక బ్యాంకు లోన్ పెట్టి రోల్‌ఓవర్ మిషన్ దింపాడు. రోల్‌ఓవర్‌లో కారు కదలదు, గేటు ఆకారంలో ఉన్న మిషనే పట్టాల మీద ముందుకూ వెనక్కూ నడుస్తుంది. కారును కన్వేయర్ లాక్కుపోయేది టన్నెల్ రకం. దానికి పొడవైన షెడ్డు కావాలి, కార్లు వరసగా వస్తూనే ఉండాలి. ఇటువైపు రోల్‌ఓవరే సరిపోతుందని నా అభిప్రాయం, ఆయన తీసుకున్న నిర్ణయం సరైనదే.

మిషన్‌లో రెండు పక్క బ్రష్షులు, పైన ఒక అడ్డ బ్రష్షు ఉంటాయి. ఫోమ్ బ్రష్షులు కాబట్టి గీతలు పడతాయన్న భయం తక్కువ. బ్రష్షు కారును ఎంత గట్టిగా ఒత్తాలనేది మోటర్ గుంజే కరెంటును బట్టి నడుస్తుంది. బ్రష్షు కారుకు ఆనితే లోడ్ పెరుగుతుంది, ఆంపియర్లు పెరిగాయని పీఎల్‌సీకి (మిషన్‌ను నడిపే కంట్రోలర్‌కు) తెలిసి బ్రష్షును కొంచెం వెనక్కి జరుపుతుంది. కారు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో ఫోటో సెన్సర్లు చెబుతాయి. ఇలాంటి బ్రష్షుల మిషన్‌కు 1962లోనే జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ వాళ్లు పేటెంటు పెట్టారు. అప్పటి నుంచి సూత్రం పెద్దగా మారలేదు, మారిందల్లా దాన్ని నడిపే ఎలక్ట్రానిక్సే.

సైకిల్ ఇలా ఉంటుంది: ముందు తడపడం, నురగ, బ్రష్షులు, కడుగు, ఆ తర్వాత నీళ్లు తొందరగా జారిపోవడానికి డ్రైయింగ్ ఎయిడ్ అనే కెమికల్, దాని మీద చివరి కడుగు, ఆఖరున గాలి. గాలికి రెండు పక్కలా రెండు బ్లోయర్లు, పైన ఇంకో బ్లోయర్, దానికి ఒక నాజిల్. పై నాజిల్ కారు ఎత్తును బట్టి దిగుతూ లేస్తూ బానెట్, అద్దం, టాప్, డిక్కీ అన్నిటి దగ్గరికీ వెళుతుంది. నాజిల్ దూరమైన కొద్దీ గాలి దెబ్బ తగ్గిపోతుంది, అందుకే ఈ ఏర్పాటు.

ఇన్ని ఉన్నా ప్రతి కారు బయటికి రాగానే ఇద్దరు పిల్లలు మైక్రోఫైబర్ గుడ్డలు పట్టుకుని మీద పడుతున్నారు. ఓనర్ బాధంతా అదే. "మిషిన్ పెట్టినా గుడ్డలు పట్టుకుని ఇద్దరు నిలవడుడే అయితే నా లోన్ ఎందుకు సార్?" దీనికి తోడు ఇంకో తలనొప్పి. ఆ గుడ్డ కింద పడితే దులిపి మళ్లీ వాడుతున్నారు, అందులో ఇరుక్కున్న ఇసుక రేణువు నల్ల కారు మీద సన్నని గుండ్రటి గీతలు గీస్తోంది, కస్టమరేమో బ్రష్షు గీరిందని గొడవ పెడుతున్నాడు.

ముందు మచ్చను చూడాలి

మిషన్ ముట్టుకునే ముందు నేను ఫిర్యాదులు ఎప్పుడు వస్తున్నాయో అడిగాను. ఓనర్‌కు ఠక్కున చెప్పలేని సంగతి ఆపరేటర్ అబ్బాయికి నోటికి వచ్చు. "పొద్దున మంచిగనే ఉంటది అన్నా. పగటీలి రెండు దాటినంక వచ్చే బండ్లకే లొల్లి. తెల్లబండ్లోళ్లు ఏమనరు, నల్లయి, నీలం రంగుయి వస్తెనే పరేషాన్." ఈ ఒక్క మాటలో సగం కేసు ఉంది. బ్లోయర్ చిన్నదైతే పొద్దున కూడా చిన్నదే కదా.

ఒక నల్ల క్రెటాను కడిగించి, గుడ్డ పట్టకుండా ఆపి, బానెట్ మీద వంగి చూశాను. మచ్చ గుండ్రంగా ఉంది, మధ్యలో పలచగా, అంచు మాత్రం చిక్కగా తెల్లగా ఉంది. నీటి బొట్టు గాలికి ఎగిరిపోకుండా అక్కడే కూర్చుని ఆవిరైపోతే మిగిలే ముద్ర ఇలాగే ఉంటుంది, అందులోని లవణాలు అంచుకు చేరి ఎండిపోతాయి. నురగ మిగిలిపోయి ఎండితే ఇంత గుండ్రంగా రాదు, చారలు చారలుగా, జారినట్టుగా వస్తుంది. ఈ కారు బానెట్ మీద గుండ్రటి మచ్చలు, డోర్ల మీద చారలు, రెండూ ఉన్నాయి. అంటే జబ్బు ఒకటి కాదు.

తడి గుడ్డతో తుడిస్తే కొత్త మచ్చలు తేలిగ్గా పోయాయి. కొన్ని పాతవి మాత్రం కదల్లేదు. వెనిగర్ చుక్క వేస్తే వాటిలో కొన్ని కరిగాయి, అవి కాల్షియం. ఇంకొన్నిటికి వెనిగర్ వేసినా చలనం లేదు. అది సిలికా అయి ఉండాలి, లేదంటే పెయింటు మీది క్లియర్ కోటునే మచ్చ అక్కడ తినేసి ఉండాలి. మాది గ్రానైట్ రాతి నేల. ఆ రాతి పగుళ్లలో నిలిచిన నీళ్లే బోర్లలోకి వస్తాయి కాబట్టి గట్టిదనంతో పాటు సిలికా కూడా ఉంటుంది. ఇంట్లో గీజరు రాడ్డుకు, స్టీలు బిందె అడుగున పట్టే తెల్లటి పొర చూసినవాళ్లకు ఇదంతా చెప్పక్కర్లేదు.

సాఫ్ట్‌నర్ ఉంది కదా సార్!

జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన మొత్తం ఉప్పును కొలిచేది) మూడు చోట్ల కొలిచాను. బోరు నీళ్లు 1100 పీపీఎం దగ్గర ఉన్నాయి. గట్టి నీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నర్ దాటాక కూడా దాదాపు అంతే. చివరి కడుగు నాజిల్ దగ్గర మగ్గు పట్టి చూస్తే అక్కడా అదే అంకె.

ఓనర్ ముఖం మాడిపోయింది. "సాఫ్ట్‌నర్ పెట్టించిన కద సార్, అంటే అది పనిచేస్తలేదా?" పనిచేస్తోంది. హార్డ్‌నెస్ కిట్‌లో చుక్కలు వేసి చూపించాను: బోరు నీళ్లు ఎర్రగా తిరిగాయి, సాఫ్ట్‌నర్ నీళ్లు నీలంగానే ఉన్నాయి, అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం దాదాపు లేవు. కాకపోతే సాఫ్ట్‌నర్ వాటిని తీసేసి ఊరుకోదు, వాటి బదులు సోడియం ఇచ్చి పంపిస్తుంది. కాబట్టి నీళ్లలో కరిగిన మొత్తం ఉప్పు తగ్గదు, ఉప్పు రకం మాత్రమే మారుతుంది. నీళ్లు ఆరితే ఆ ఉప్పు కారు మీదే మిగులుతుంది. కొత్త మచ్చలు తడి గుడ్డకు తేలిగ్గా పోవడానికి కారణం కూడా ఇదే, సోడియం లవణాలు నీళ్లలో చటుక్కున కరుగుతాయి. సాఫ్ట్‌నర్ రాకముందు పడ్డవి కాల్షియం మచ్చలు, వెనిగర్ అడిగినవి అవే.

లెక్క చాలా సులువు. 1000 పీపీఎం అంటే లీటరుకు ఒక గ్రాము ఉప్పు. కారు మీద అర లీటరు నీళ్లు మిగిలి ఎండిపోయాయనుకోండి, అర గ్రాముకు పైగా తెల్లటి పొడి చుక్కలు చుక్కలుగా పరుచుకున్నట్టే. నల్ల కారు మీద అది చాలు. తాగే నీళ్లకు బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 వరకు మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 వరకు పర్వాలేదు. అంటే ఇంకో నీటి వసతి లేని చోట ఈ 1100 నీళ్లు మనిషి తాగడానికి పనికొస్తాయి, నల్ల కారు చివరి కడుగుకు పనికిరావు! చివరి కడుగుకు నేను 50 లోపు అడుగుతాను, అంత తక్కువ రావాలంటే ఆర్‌ఓ (నీళ్లలోని ఉప్పును వడకట్టే ప్లాంటు) లాంటిది ఉండాలి.

ఇక్కడే "అయితే ఆర్‌ఓ పెట్టేద్దాం, అయిపోయింది" అని చాలామంది ఆపేస్తారు. డోర్ల మీది చారలకు ఆర్‌ఓ మందు కాదు.

సాఫ్ట్‌నర్ తెచ్చిన రెండో తంటా

గాలి మొదలయ్యే ముందు మిషన్ ఆపించి కారు మీద నీళ్లు ఎలా నిలిచాయో చూశాను. ఎవరి మిషన్‌కైనా ఈ పరీక్ష చేసి చూడమంటాను, ఖర్చు లేదు. డ్రైయింగ్ ఎయిడ్ సరిగ్గా పట్టిన కారు మీద నీటి పొర తనంతట తానే చిరిగిపోతుంది, బానెట్ మీద అక్కడక్కడా పొడి నేల బయటపడుతుంది, నీళ్లు గుంపులుగా చేరి అంచుల వైపు పరుగెడతాయి. అప్పుడు బ్లోయర్ చేయాల్సిందల్లా ఆ గుంపుల్ని కిందికి తోసేయడమే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కార్ వాష్ బ్లోయర్ నీళ్లను ఆవిరి చేసి ఆరబెట్టదు, ఊది నెట్టేస్తుంది. అందులో హీటరు ఉండదు, ఒక కారుకు దొరికే కొద్ది టైములో ఆవిరి చేయడం కుదిరే పని కూడా కాదు. నీళ్లు విడివిడిగా చిరిగితేనే నెట్టగలం. పలచటి దుప్పటిలా అంటుకుని కూర్చుంటే ఎంత పెద్ద మోటర్ పెట్టినా ఆ పొర మీది నుంచి గాలి జారిపోతుంది.

ఈ కారు మీద పొర చిరగలేదు. నున్నగా, కొంచెం సబ్బు మెరుపుతో అలాగే ఉంది. వేలు పెడితే జిడ్డుగా జారింది.

డ్రైయింగ్ ఎయిడ్ డబ్బా నిండుగా ఉంది, డోసింగ్ పంపు లాగుతోంది, నాజిళ్లు మూసుకుపోలేదు. మరి పొర ఎందుకు చిరగలేదు? రెండు గ్లాసులు తెప్పించి, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో డ్రైయింగ్ ఎయిడ్ నీళ్లు కలిపాను. రెండూ విడిగా తేటగానే ఉన్నాయి. ఒకదాన్ని ఇంకోదాంట్లో పోయగానే విరిగిన పాలలా తెల్లబడి తరకలు తేలాయి. ఆపరేటర్ అబ్బాయి గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. షాంపూలో ఉండే నురగ పదార్థాలు ఎక్కువగా రుణావేశం ఉన్నవి, డ్రైయింగ్ ఎయిడ్‌లోవి ధనావేశం ఉన్నవి. ధనావేశం కాబట్టే అవి పెయింటుకు అంటుకుని నీటిని తోసేస్తాయి. కారు మీద షాంపూ మిగిలి ఉంటే అవి పెయింటును చేరేలోపే షాంపూతో జత కట్టి చచ్చిపోతాయి. డ్రైయింగ్ ఎయిడ్ డబ్బులు డ్రైనేజీలోకి పోతున్నాయి, పైగా ఆ తరకలే డోర్ల మీద చారలు.

షాంపూ ఎందుకు మిగిలింది? దీనికి రెండు కారణాలు. సాఫ్ట్‌నర్ పెట్టక ముందు గట్టి నీళ్లలో నురగ రావడం లేదని డోసు పెంచుకున్నారు. సాఫ్ట్‌నర్ వచ్చాక అదే డోసుకు నురగ పొంగిపొర్లింది, కస్టమర్లు ఫోన్లో వీడియోలు తీసుకుని మురిసిపోతున్నారని ఎవరూ తగ్గించలేదు. మెత్తటి నీళ్లలో షాంపూ త్వరగా వదలదు, ఇంకా ఎక్కువ కడగాలి. ఇక్కడ జరిగింది తిరగబడి, ఆదివారం రష్‌లో ఇంకో నాలుగు కార్లు పట్టాలని కడుగు టైమును ప్రోగ్రాంలో కుదించారు. అంటే నురగ పెరిగింది, కడుగు తగ్గింది. ఈ రెండు నిర్ణయాలు వేరువేరు రోజుల్లో వేరువేరు మనుషులు తీసుకున్నవి, విడివిడిగా చూస్తే రెండూ తెలివైనవే.

గాలి వైపు చూస్తే

ఇంత చెప్పాక కూడా బ్లోయర్లను చూడకుండా వదలకూడదు, వాటిలోనూ తప్పులున్నాయి. అయితే ఓనర్ అనుకున్న తప్పు కాదు.

పై బ్లోయర్ సంగతి ముందు. సెంటర్‌కు కొద్ది దూరంలోనే పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి బండ్లు కూడా ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి, గాలిలో సన్నని పీచు ఎగురుతూనే ఉంటుంది. ఆ పీచు గాలి లాక్కునే జాలీకి పట్టి, దాని మీద సబ్బు తుంపర పడి, మళ్లీ పీచు పట్టి, చూసేసరికి కంబళి ముక్కలా మందంగా తయారైంది. చేత్తో లాగితే ఒకే పలకగా ఊడి వచ్చింది.

ఇది ఇన్నాళ్లు ఎలా దొరకలేదంటే, వాళ్ల ఎలక్ట్రీషియన్ టంగ్ టెస్టర్ (వైరు గుంజే కరెంటు కొలిచే మీటరు) పెట్టి చూసి "ఆంపియర్లు తక్కువనే గుంజుతుంది సార్, మోటర్ మస్తుగున్నది" అన్నాడు. పంపులతో, పిండి గిర్నీలతో పని చేసిన చేతికి అది సహజమైన ఆలోచనే, ఎక్కడైనా పట్టేస్తే లోడ్ పెరగాలి కదా. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ అలా కాదు. గాలి దారి మూసుకుపోతే అది తోసే గాలి తగ్గుతుంది, పని తగ్గుతుంది, కరెంటు కూడా తగ్గుతుంది. ఆంపియర్లు మోటర్ నేమ్‌ప్లేట్ మీద రాసిన అంకె కంటే బాగా తక్కువ ఉంటే సంతోషించే ముందు జాలీ చూడాలి. జాలీ శుభ్రం చేశాక ఆంపియర్లు పెరిగాయి, ఓనర్‌కు కొత్త టెన్షన్ పట్టుకుంది, మోటర్ కాలిపోతుందేమోనని. నేమ్‌ప్లేట్ మీది అంకె చూపించాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

పక్క బ్లోయర్ కథ ఇంకా బాగుంటుంది. గాలి అయిపోయాక కారు రెండు వైపులా రెండు పొడి గుడ్డలతో తుడిచి పిండి చూశాను. ఎడమ వైపు గుడ్డ చెమ్మగా ఉందంతే. డ్రైవర్ వైపు గుడ్డ పిండితే నీళ్లు ధారగా కారాయి. రెండు మోటర్లూ ఒకటే సైజు, నాజిళ్లు ఒకటే, గాలి రెండు వైపులా వస్తూనే ఉంది. "ఇటు మోటర్‌కు ఏమన్నా పని చేసిండ్రా తమ్మీ?" అని అడిగితే, మొన్నటి ఎండాకాలంలో అది కాలిపోయిందని, టౌన్‌లో రివైండింగ్ చేయించి (లోపలి తీగ మళ్లీ చుట్టించి) బిగించారని చెప్పాడు ఆపరేటర్.

విషయం అక్కడే తేలింది. త్రీ ఫేజ్ మోటర్‌కు ఏ రెండు వైర్లు అటూ ఇటూ మారినా ఉల్టా తిరుగుతుంది. నీళ్ల పంపు అయితే నీళ్లు సరిగ్గా రావు, వెంటనే తెలిసిపోతుంది. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ ఉల్టా తిరిగినా గాలి నాజిల్ లోంచే బయటికి వస్తుంది, లోపలికి పీల్చదు! కాకపోతే గాలి, ఒత్తిడి రెండూ బాగా పడిపోతాయి. చేయి పెడితే గాలి తగులుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ప్యానెల్‌లో ఫేజ్ ప్రివెంటర్ ఉంది కదా అంటారు. అది లైనులో ఫేజులు తిరగబడితే పట్టుకుంటుంది, మోటర్ దగ్గర టెర్మినల్ బాక్స్‌లో వైర్లు మార్చి కడితే దానికెలా తెలుస్తుంది? మోటర్ ఆఫ్ చేయించి, ఫ్యాను నెమ్మదించేటప్పుడు తిరిగే దిక్కు చూశాం. కేసింగ్ మీద బాణం గుర్తు ఒకవైపు ఉంది, ఫ్యాను ఇంకోవైపు తిరుగుతోంది. రెండు వైర్లు మార్చి కట్టాం, మళ్లీ నడిపితే చప్పుడే మారిపోయింది.

రివైండింగ్ అయిన ప్రతి బ్లోయర్‌కు ఈ ఒక్క పని చేయండి, బాణం చూడండి. పెద్ద మోటర్లు కొనే ముందు, అదనపు లోడ్ కోసం కరెంటాఫీసు చుట్టూ తిరిగే ముందు చేయాల్సిన పని ఇది.

ఎండ సంగతి

షెడ్డు మూతి పడమరకు ఉంది. వరంగల్‌లో మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. ఆ ఎండలో వరసలో నిలబడి లోపలికి వచ్చిన నల్ల కారు బానెట్ మీద చేయి పెట్టలేం. అలాంటి రేకు మీద చివరి కడుగు నీళ్లు పడగానే బ్లోయర్ వచ్చేలోపే ఆరిపోతాయి, ఉప్పు అక్కడే దిగిపోతుంది. ఆపరేటర్ చెప్పిన "పగటీలి రెండు" వెనక ఉన్నది ఇదే. షెడ్డుకు పడమర వైపు నీడ కోసం రేకు దించారు, వరసలో నిలబడే చోట గ్రీన్ నెట్ కట్టారు, ముందు తడపడం కొంచెం పొడిగించి కారు రేకు చల్లబడేలా చేశాం.

ఏ వరసలో చేశాం

ముందుగా పైసా ఖర్చు లేనివి. జాలీ శుభ్రం, వైర్లు మార్చడం, షాంపూ డోసు తగ్గించడం, కడుగు టైము మళ్లీ పెంచడం, డ్రైయింగ్ ఎయిడ్ చల్లాక కొన్ని సెకన్లు ఆగి అప్పుడు కడగడం, గాలి పెట్టేటప్పుడు మిషన్ నడక నెమ్మది చేయడం. కడుగు పెంచితే కార్ల సంఖ్య తగ్గుతుందని ఓనర్ గింజుకున్నాడు. బయట గుడ్డలతో తుడిచే టైము ఎవరి లెక్కలోకి వస్తుందని అడిగాను. కారు తుడుపు అయ్యేదాకా అక్కడే నిలబడుతోంది, వెనక కారు లోపలి నుంచి బయటికి రాలేకపోతోంది. అసలు ఇరుకు అక్కడుంది.

ఇవి చేసిన రోజే చారలు పోయాయి, డ్రైవర్ వైపు డోర్లు ఆరాయి. గుండ్రటి మచ్చలు తగ్గాయి గానీ పోలేదు. అప్పుడు ఆర్‌ఓ మాట ఎత్తాను. వరస తిప్పి ముందే ఆర్‌ఓ పెట్టించి ఉంటే చారలు అలాగే ఉండేవి, ఆర్‌ఓ దండగ అని పేరు పడేది.

ఆర్‌ఓ సైజు విషయంలో జనం భయపడినంత ఏమీ లేదు. ఆర్‌ఓ నీళ్లు చివరి కడుగు ఒక్కదానికే చాలు, కారుకు 30, 40 లీటర్లు. రోజుకు 50 కార్లనుకున్నా 2000 లీటర్లు. గంటకు 500 లీటర్ల ప్లాంటు, 2000 లీటర్ల ట్యాంకు పెట్టుకుంటే రాత్రి నింపుకుని పగలు వాడుకోవచ్చు. సాఫ్ట్‌నర్ డబ్బులు కూడా వృథా పోలేదు, ఇప్పుడది ఆర్‌ఓకు ముందు నిలబడి మెంబ్రేన్‌కు (ఉప్పును వడకట్టే పొరకు) సున్నం పట్టకుండా కాపాడుతోంది. ఆర్‌ఓ వదిలేసే రిజెక్ట్ నీళ్లు పారబోయకుండా ముందు తడపడానికీ చక్రాలకూ మళ్లించాం, వాటి మీద ఎలాగూ మళ్లీ కడుగు పడుతుంది. పైపుల దగ్గర ఒక జాగ్రత్త, ఆర్‌ఓ నీళ్లు జీఐ (జింకు పూసిన ఇనుప) పైపును తినేస్తాయి, తుప్పు నీళ్లు తెల్ల కారు మీద పడితే కొత్త గొడవ. ఆర్‌ఓ లైను మొత్తం సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వేశాం, పంపు, నాజిళ్లు స్టీలువి.

కడిగిన నీళ్లను మళ్లీ వాడే సంపు వీళ్లకు ముందే ఉంది, దాన్ని పెద్దగా ముట్టుకోలేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఇటు చలక మట్టి సంపులో తొందరగా అడుక్కు దిగిపోతుంది. వానాకాలం రేగడి పొలాల నుంచి వచ్చిన బొలెరోలు, ట్రాలీ ఆటోలు తెచ్చే నల్లమట్టి రాత్రంతా ఉంచినా దిగదు, నీళ్లు కాఫీ రంగులోనే ఉంటాయి. ఆ నీళ్లు బ్రష్షుకు పోతే బ్రష్షే గరుకు కాగితం పని చేస్తుంది. అలాంటి బండ్లను పాత ర్యాంపు మీద ప్రెషర్ గన్‌తో ఒకసారి కొట్టి తర్వాతే మిషన్‌లోకి పంపమన్నాను. పాత ర్యాంపు పీకేయకుండా ఉంచినందుకు ఇప్పుడు ఓనర్ సంతోషిస్తున్నాడు. మేడారం జాతర నుంచి తిరిగొచ్చే బండ్లకూ ఇదే దారి. దుమ్ముతో పాటు బానెట్ మీద పసుపు, కుంకుమ, బంపర్‌కు కట్టిన దండల దారాలు ఉంటాయి. ఆ దారం పక్క బ్రష్షుకు చుట్టుకుంటే విప్పడానికి అరగంట. దసరా మరునాడు నిమ్మకాయలు, మిరపకాయల దండలు సరేసరి.

ఇప్పుడెలా ఉంది

బానెట్, టాప్, అద్దాలు, డోర్లకు గుడ్డ అవసరం లేదు, మధ్యాహ్నం నల్ల కార్లకు కూడా. చివరి నాజిల్ దగ్గర టీడీఎస్ 30, 40 మధ్య నడుస్తోంది. ఇద్దరు పిల్లల్లో ఒకరిని లోపలి వ్యాక్యూమ్ పనికి మార్చారు. ఇంకొకరు ఇప్పటికీ ఉన్నారు, ఉంటారు కూడా. పక్క అద్దాల సందులో, డోరు హ్యాండిళ్ల వెనక, నంబర్ ప్లేటు కింద దాక్కున్న నీళ్లు కారు కదలగానే బయటికి కారతాయి, ఏ బ్లోయరూ వాటిని తీయలేదు. వెనక స్టెప్నీ బిగించిన బండ్లకు, టాప్ మీద క్యారియర్ ఉన్నవాటికి పై నాజిల్ దగ్గరగా దిగలేదు, దిగితే తగులుతుంది. అలాంటి బండికి మిషన్‌లో వేరే ప్రోగ్రాం ఉంది, అది నొక్కాలి, ఆ తర్వాత చేత్తో తుడవాలి. "పూర్తిగా ఆటోమేటిక్" అని బోర్డు రాయించుకున్నా సరే, ఈ ఒక్క మనిషిని తీసేయవద్దని ఓనర్‌కు గట్టిగానే చెప్పాను. గుడ్డ కింద పడితే ఉతికేదాకా వాడొద్దని ఆ అబ్బాయికీ చెప్పాను.

పాత కస్టమర్ల కార్ల మీద పెయింటును తినేసిన మచ్చలు మాత్రం మిషన్‌తో పోయేవి కావు, వాటిని పాలిషింగ్ వాళ్ల దగ్గరికి పంపుతున్నారు.

మిగిలిన పని ఒకటుంది. ఎండాకాలంలో బోరు నీటిమట్టం దిగితే టీడీఎస్ పెరుగుతుంది. 1100 కాస్తా ఇంకా పైకి పోతే ఆర్‌ఓ ఇచ్చే నీళ్లలో కూడా అంకె పెరుగుతుంది, సిలికా ఎక్కువైతే మెంబ్రేన్ తొందరగా పోతుంది. అందుకని బోరు దగ్గర ఒకటి, చివరి నాజిల్ దగ్గర ఒకటి, పొద్దున షట్టర్ తీయగానే రెండు రీడింగులు రాసే పని ఆపరేటర్ అబ్బాయికి అప్పగించాం. నాజిల్ దగ్గర 60 దాటితే నాకు ఫోన్ చేయమన్నాను. జాలీ దులపడం పత్తి సీజన్‌లో ప్రతి సోమవారం, మిగతా రోజుల్లో నెలకోసారి.